ఎఫ్.పి. అంటే రెండో చుట్టు లేదు

ఆ మధ్య ఒక పాలిటెక్నిక్ పిల్లలు నన్ను పిలిచి విమానం ఇంజన్ల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. రిటైరైనవాడికి మైకు ఇస్తే తిరిగి తీసుకోవడం కష్టమని వాళ్ళకు తెలీదు, పాపం. మధ్యలో ఒక అమ్మాయి లేచి, "సార్, సి.హెచ్.టి. అంటే ఏమిటి?" అని అడిగింది. నేను ఆలోచించకుండా, "తలకాయ కాక" అన్నాను. క్లాసంతా గొల్లుమంది. ఆ అమ్మాయి మాత్రం బుద్ధిగా అదే రాసుకుంది. సిలిండర్ హెడ్ టెంపరేచర్ అని తర్వాత సర్దిచెప్పాను గానీ, నా లోపల ఆ అక్షరాలకు ఈనాటికీ మొదటి అర్థమే ఉంది. మిగతా అక్షరాలకు కూడా అంతే. పొడుగు పేర్లు బెంగుళూరు ట్రైనింగులో బట్టీ పట్టాను. వాటికి తెలుగు పుట్టింది ఆళ్ళగడ్డ పక్కన ఒక జొన్నచేలో. ఆ రోజు టైము చాలక ఆ పిల్లలకు చెప్పలేకపోయిన కథ ఇది. ఇప్పుడు మీరు దొరికారు.

ముందుగా ఒక మాట. నేను విమానాలు నడిపినవాణ్ణి కాను. నడిచే విమానాలు ఆగిపోకుండా చూసుకున్నవాణ్ణి. ఈ తేడా మా అమ్మకు చివరిదాకా ఎక్కలేదు. నంద్యాలలో మా వీధి వీధంతా తిరిగి, "మావాడు ఇమానం తోల్తాడు" అని చెప్పుకునేది. నేను ఊరికి వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు ఆపి, "ఒగసారి మా మిద్దె మీదుగా తోలప్పా" అని అడిగేవాళ్ళు. సరేనని తలూపడం తప్ప నాకు మార్గం ఉండేది కాదు.

ఇది యాభైల చివరి మాట. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రెండు మూడేళ్ళయి ఉంటుంది. పొలాల మీద పురుగుమందు చల్లే చిన్న విమానాలు అప్పుడప్పుడే మన వైపు రావడం మొదలైంది. మద్రాసులో అలాంటి ఒక చిన్న కంపెనీలో నేను మెకానిక్కుగా చేరాను. ఆ ఏడు నంద్యాల, ఆళ్ళగడ్డ చుట్టూ పత్తికి పేను పురుగు పట్టింది. విమానం పంపమని రైతుల నుంచి కబురు వచ్చింది. "మీ ఊరే కదా, నువ్వే పోయి రా" అని మేనేజరు నన్ను పంపించాడు. నెత్తి మీద సీనియరు లేకుండా ఒక ఇంజను మొత్తం నా చేతికి రావడం అదే మొదటిసారి. భయంగా ఉంది, గర్వంగా కూడా ఉంది. రెండిట్లో ఏది ఎక్కువో తేలక, బిగించిన నట్లనే మళ్ళీ మళ్ళీ బిగించేవాణ్ణి.

మమ్మల్ని పిలిపించింది ఆళ్ళగడ్డ నుంచి దొర్నిపాడు పోయే దారిలో ఒక ఊరి రైతు. ఊరంతా ఆయన్ని పెద్దాయన అనే పిలిచేది, నేనూ అలాగే అంటాను. విమానం దిగడానికి చదునైన నేల కావాలంటే, ఇంకా కంకి పట్టని తన జొన్నచేను కోయించి గొడ్లకు వేశాడు. ఎద్దులతో రాతి గుండు లాగించి, నల్లరేగడిలో అరుగులాంటి నున్నటి బాట చేయించాడు. ఊళ్ళో సగం మంది నవ్వారు. పైనుంచి మందు పడితే గొడ్లు చస్తాయని కొందరు, పురుగుకు ఏమీ కాదని కొందరు. పెద్దాయన నలుగురిలో నిలబడి, "పురుగు సావకపోతే ఈ మీసం తీసేసి తిరుగుతా, పోండి" అన్నాడట. ఆ మీసం మామూలు మీసం కాదు. కొసలు చెంపల దాకా పోయి, అక్కడ కాసేపు ఆలోచించుకుని, పైకి తిరిగేవి. దాన్ని పందెం పెట్టాడంటే ఆయన మాకోసం ఎంత ఒడ్డాడో నాకు మొదటిరోజే అర్థమైంది. అందరి చేలూ అయ్యాకే తన చేనికి మందు అని కూడా ఆయనే చెప్పాడు.

ఇక పైలెట్. కలకత్తా మనిషి, నాకంటే కొంచెం పెద్ద, సన్నగా వెదురుబద్దలా ఉండేవాడు. ఇంగ్లీషు, బెంగాలీ తప్ప మరో భాష రాదు. హిందీ వచ్చు అనుకునేవాడు. నంద్యాల నుంచి మాకు పెట్రోలు డ్రమ్ములు తెచ్చే లారీ డ్రైవరు ఇంట్లో ఉర్దూ మాట్లాడే మనిషి. ఆయన కూడా పైలెట్ హిందీ కాసేపు విని, "ఈ సారుది ఏం బాసన్నా?" అని నా చెవిలో అడిగాడు.

భాష సంగతి నేను ఊరికే చెప్పడం లేదు. మా పనిలో అది పెద్ద చిక్కు. మాది పైకప్పు లేని రెండు రెక్కల విమానం. అందులో రేడియో లేదు. మందు అయిపోయాక పైలెట్ విమానాన్ని దింపి, ఇంజను ఆపకుండానే లోపల కూర్చుంటాడు. కింద ఉన్నవాళ్ళు బండ్ల మీది పీపాల్లోంచి మందునీళ్ళు నింపుతారు. వేడెక్కిన ఇంజనును ఆపితే మళ్ళీ రాజేసుకోవడం గగనం, అందుకని ఆపం. ఆ రొదలో పైలెట్ నోరు కదలడం కనిపిస్తుంది, మాట వినబడదు. తన ముందున్న మీటర్లలో ఏ ముల్లు తేడాగా ఉందో ఆయన చెప్పడానికి నేను ఒక ఉపాయం చేశాను. రేకు పలకల మీద పెద్ద పెద్ద ఇంగ్లీషు అక్షరాలు ఎర్ర రంగుతో రాసి పైలెట్ పక్కన పెట్టాను. ఆయన పలక ఎత్తితే నేను చూసి పరుగెత్తుతాను. అయితే నేను ఒక్కణ్ణి, విమానానికి నాలుగు వైపులు. కాబట్టి నీళ్ళు మోసే రైతులకు కూడా ఆ అక్షరాలు నేర్పక తప్పలేదు.

మొదటిరోజు సాయంత్రం వాళ్ళను కూర్చోబెట్టి, నాకు నేర్పినట్టే నేర్పాను. ఆర్.పి.ఎం. అంటే రెవల్యూషన్స్ పర్ మినిట్. వాళ్ళు బడిపిల్లల్లా గొంతెత్తి అన్నారు. ఓ.పి. అంటే ఆయిల్ ప్రెషర్. అన్నారు. మూడోదానికి వచ్చేసరికి పెద్దాయన చెయ్యెత్తాడు.

"ఆ పొడుగు పేరు మాకెందుకప్పా? ఆ ముల్లు కిందికి పడితే ఇంజనుకు ఏమైతాది, మేమేం చేయాల, అది సెప్పు."

అడిగింది న్యాయమే. నా కళ్ళ ముందున్నవి ఆయన ఎద్దులు. వాటితోనే చెప్పడం మొదలుపెట్టాను.

"ఇంజనులో నూనె తిరుగుతాంటాది పెద్దాయనా. ఎద్దు ఒంట్లో నెత్తురు మాదిరి. దాని పోటు ఓ.పి."

"పోటు పడిపోతే ఎద్దు కూలబడ్తాది."

"ఇంజనూ అంతే. వెంటనే ఆపేయాల."

అక్కడి నుంచి పాఠం వాళ్ళది, తలూపడం నాది. ఓ.టి. అంటే నూనె వేడి. అది ఒంటి కాక అయింది. సి.హెచ్.టి. అంటే ఇంజను తలల వేడి. అది తలకాయ కాక అయింది. కాక పెరిగితే విమానం ముక్కును గాలి వైపు తిప్పాలి అంటే, "ఎద్దును నీడకు కట్టినట్టు" అన్నారు. ఆర్.పి.ఎం. గానుగెద్దు చుట్లు అయింది. చివరి పలక ఎఫ్.పి. ఫ్యూయల్ ప్రెషర్. ఇంజను పెట్రోలు తాగే జోరు.

"తొట్టిలో నీళ్ళుండీ ఎద్దు గొంతులోకి దిగకపోతే ఎట్లుంటాదో, అది అట్ల" అన్నాను. "ఇది మాత్రం అన్నిటికన్నా చెడ్డది. పైన ఉన్నప్పుడు ఇది పడిపోతే ఇంజను ఎప్పుడైనా ఆగిపోవచ్చు. ఒగసారి దిగేది తప్పితే, ఇంకో చుట్టు తిరిగొచ్చే టయం ఉండదు. పైనుంచి ఈ పలక కనపడిందంటే బాట మీద ఒక్క మనిషి గానీ ఒక్క ఎద్దు గానీ ఉండకూడదు."

పెద్దాయన పలక చేతిలోకి తీసుకుని, ఆ రెండక్షరాల మీద వేలు ఆనించి చూశాడు. "ఎఫ్.పి. అంటే రెండో చుట్టు లేదు. అంతే గదా?"

"అంతే."

"మరి ఆ మాట మొదులే సెప్పకుండా ఇంగిలీసు పాటలు పాడిస్తివి."

ఆ తర్వాత ఏమైందంటే, ఆ అక్షరాలు పలకల మీద నుంచి దిగి ఊళ్ళోకి నడిచాయి. పొద్దున్నే పైలెట్ పళ్ళు తోముకుంటూ కనబడితే రైతులు, "ఓ.పి.?" అని పలకరించేవాళ్ళు. ఆయన బొటనవేలు ఎత్తి, "ఓ.పి. గుడ్" అనేవాడు. రాత్రి చలిగాలికి జలుబు చేసిన పూట, నుదురు తట్టుకుని "ఓ.టి." అన్నాడు. కాసేపటికి పెద్దాయన ఇంట్లోంచి మిరియాల కషాయం వచ్చింది. పెద్దాయన భార్య, మేమంతా పెద్దమ్మ అనేవాళ్ళం, ఆయనకు జొన్నరొట్టెలోకి ఎర్రకారం వడ్డించింది. పైలెట్ కొరికాడు, నమిలాడు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మాట్లాడలేక తన నడినెత్తి చూపించాడు.

"సి.హెచ్.టి.!" అని ఒక్క గొంతుతో అరిచారు అందరూ.

పెద్దమ్మ గబగబా ఇంత మజ్జిగ పోసింది. "తలకాయ కాకకు మజ్జిగే మందు. మీ ఇంజనుకు గూడా పోయండి" అంది నాతో. కలకత్తా మనిషి నెల తిరక్కుండానే ఎర్రకారం అడిగి వేయించుకునే స్థితికి వచ్చాడు. వాళ్ళమ్మకు ఏమని రాశాడో గానీ, పెద్దమ్మను తాను కూడా పెద్దమ్మ అనే పిలిచేవాడు, బెంగాలీ యాసలో గుండ్రంగా.

పని బాగా సాగుతోంది. శిరివెళ్ల వైపు చేలన్నీ అయ్యాయి, ఆళ్ళగడ్డ వైపు చివరికొచ్చాయి. అంతలో అమావాస్య వచ్చింది.

మా వైపు అమావాస్య నాడు ఎద్దు మెడ మీద కాడి పెట్టరు. అది మీలో చాలామందికి తెలిసి ఉండకపోవచ్చు. ఎంత పని మునిగిపోతున్నా సరే, ఆ రోజు ఎద్దుకు సెలవు. కడుగుతారు, పసుపు పూస్తారు, బొట్లు పెడతారు, మంచి మేత వేస్తారు. బండ్లు కదలకపోతే మాకు మందునీళ్ళు రావు. ఆకాశం చూస్తే అద్దంలా ఉంది, పైలెట్ ఎగరాలని ఉబలాటపడుతున్నాడు. మనుషులచేత నీళ్ళు మోయిద్దామా అని నేను ముందురోజు పెద్దాయన్ని అడిగాను. ఆయన నా మొహంలోకి వింతగా చూశాడు.

"నీళ్ళ సంగతి గాదప్పా. ఎద్దుకే ఇడుపు ఇస్తాండాం. అంత కష్టం చేసే ఇమానానికి ఇయ్యొద్దా? దానికి నోరు లేదనా?"

ఆ మాటే పైలెట్‌కు ఇంగ్లీషులో చెప్పాను. ఆయన పగలబడి నవ్వి, మా కంపెనీ మేనేజరుకు కూడా ఇంత దయ లేదన్నాడు. సరే, విమానానికి అమావాస్య సెలవు. ఎలాగూ ఖాళీయే కాబట్టి, నంద్యాల స్టేషనులో గూడ్సుకు వచ్చిన పెట్రోలు డ్రమ్ములు విడిపించుకురావడానికి నేను తెల్లవారి మొదటి బస్సుకే వెళ్ళిపోయాను. రాత్రి మా ఇంట్లో పడుకున్నాను. విమానానికి సెలవిచ్చారని అమ్మకు చెబితే, "మంచి మనుషులు" అంది.

వెనకాల జరిగింది నాకు తర్వాత తెలిసింది. పెద్దాయన విమానాన్ని తన చేత్తో కడిగాడు. రెక్కలకు, చక్రాలకు, ముక్కు మీది పంకాకు పసుపు పూశాడు. ఎద్దుల కొమ్ములకు పూసినట్టే ఆముదంలో కలిపిన చిక్కని పసుపు. దాని మీద కుంకుమ బొట్లు. బంతిపూల దండ. కొబ్బరికాయ. పైలెట్ నుదుటికి కూడా బొట్టు పెట్టించుకుని, దండ పక్కన నిలబడి చప్పట్లు కొట్టాడట. ఊరు ఊరంతా వచ్చింది. అంతకు ముందు నవ్వినవాళ్ళు కూడా వచ్చి దండం పెట్టుకుని పోయారు.

మర్నాడు పొద్దున డ్రమ్ములు వేసుకుని లారీలో శిరివెళ్ల మీదుగా వస్తున్నాం. దక్షిణాన మబ్బు కడుతోంది. నల్లరేగడి తడిసిందంటే మా బాట బాట కాదు, బురదగుంట. అందుకే పైలెట్ నాకోసం ఆగకుండా, తానే అన్నీ చూసుకుని లేచిపోయాడు. మేము చేరేసరికి విమానం పత్తి మీద వంగి మందు చల్లుతోంది. రెక్కలు పసుపుతో మెరుస్తుంటే పెళ్ళికూతురులా ఉందని నేను నవ్వుకున్నాను. డ్రమ్ముల పాక బాటకు అవతలి పక్కన ఉంది. లారీ బాటను అడ్డంగా దాటుతూ, నట్టనడుమ, ఒక దగ్గు దగ్గి ఆగిపోయింది.

డ్రైవరు తాపీగా దిగి, "రేడియేటరు కాగిందన్నా, ఒగ అయిదు నిమిషాలు" అన్నాడు. విమానం దిగడానికి ఇంకా సమయం ఉంది కదా అని నేనూ దిగాను.

అప్పుడు పైన ఇంజను మోత మారింది. ఈ మోత మారడం అనేది మీకు ఎలా చెప్పాలో తెలీదు. చంటిబిడ్డ ఏడుపులో తేడా తల్లికి ఎలా తెలుస్తుందో, మెకానిక్కు కడుపులో అలా తెలుస్తుంది. రెండుసార్లు దగ్గింది, అందుకుంది, మళ్ళీ దగ్గింది. విమానం చేను వదిలి మా వైపు తిరిగింది. పైలెట్ ఎడమచెయ్యి బయటికి వచ్చింది. చేతిలో ఎర్ర అక్షరాల పలక.

ఎవరు ముందు చదివారో చెప్పలేను. నేను అరిచేలోపే బాట పొడుగునా అరుపులు లేచాయి.

"ఎఫ్.పి.! ఎఫ్.పి.! రెండో చుట్టు లేదు!"

నీళ్ళబండ్లను ఎవరు మళ్ళించారో, ఎద్దులను ఎవరు అదిలించారో, రెప్పపాటులో బాట ఖాళీ అయింది. మిగిలింది మా లారీ. దాని నిండా పెట్రోలు. డ్రైవరుకు ఆ అక్షరాలు తెలీవు. ఇంజను తిప్పే హ్యాండిలు చేతపట్టుకుని, "ఏందీ, ఏమైందీ?" అని అందరి మొహాలూ చూస్తున్నాడు.

పెద్దాయన పంచె ఎగగట్టి పరుగెత్తుకొచ్చాడు. "హ్యాండిలూ గీండిలూ పారేసి స్టీరింగు పట్టు! తోయండప్పా!" అని లారీకి వీపు ఆనించాడు. ఆయన పక్కన నేను. మా పక్కన ఊరు. లారీ కదలనంది. మళ్ళీ తోశాం. ఒక్క జానెడు కదిలి, ఇక ఆగకుండా దొర్లి పక్క చేలోకి దిగబడింది. అప్పుడు పైన విమానం ఇంజను పూర్తిగా ఆగిపోయింది. అంత రొద తర్వాత ఆ నిశ్శబ్దం భయంకరంగా ఉంది. రెక్కల తీగల మీద గాలి ఈల వేస్తూ విమానం మా తలల మీదుగా వచ్చి, నేలకు తగిలి ఎగిరి, మళ్ళీ తగిలి, తోక ఊపుకుంటూ పోయి ఆగింది. లారీ ఇంతకుముందు ఉన్న చోటు దాటి పోయి ఆగింది.

పైలెట్ తనంతట తానే దిగాడు. ఎవరో నీళ్ళ చెంబు ఇస్తే సగం తాగాడు, సగం చొక్కా మీద పోసుకున్నాడు. నేను రెక్క ఎక్కి పెట్రోలు ట్యాంకు మూత తిప్పాను. ఉస్సుమని గాలి లోపలికి పీల్చుకుంది. నాకు విషయం అర్థమైపోయింది. ఆ మూత నడుమ చీపురుపుల్ల పట్టేంత రంధ్రం ఉంటుంది. లోపల పెట్రోలు తగ్గే కొద్దీ ఆ దారిన గాలి పోవాలి. కిరసనాయిలు డబ్బాకు ఒకటే బొక్క పొడిచి వంచి చూడండి. కాసేపు పడుతుంది, గుటకలు వేస్తుంది, ఆగిపోతుంది. ఇదీ అంతే. ఆ రంధ్రం మీద, సరిగ్గా నడుమ, ముచ్చటగా, ఎండి బంకగట్టిన పసుపు ముద్ద, దాని మీద కుంకుమ బొట్టు. గుండ్రటి మూత కనబడితే బొట్టు పెట్టకుండా ఎవరి చెయ్యి ఆగుతుంది చెప్పండి! కంపెనీ రిపోర్టులో కారణం కింద నేను 'ఫారిన్ మేటర్' అని రాశాను. పసుపు కుంకుమలను విదేశీ సరుకు అన్నవాణ్ణి ఈ దేశంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను.

కింద పెద్దాయన నిలబడి ఉన్నాడు. నా వేలికి అంటిన పసుపు చూశాడు. జరిగింది ఆయనకు తెలిసిపోయింది.

"అది నేనే పెడితినప్పా" అన్నాడు.

చుట్టూ ఉన్నవాళ్ళు అప్పటికే గుసగుసలు మొదలుపెట్టారు. యంత్రం చెడిందని, మందు వద్దని తాము ముందే చెప్పామని. పెద్దాయన ఊరుకుంటే ఆ మాటే నిలబడేది. ఆయన వాళ్ళవైపు తిరిగి గొంతెత్తాడు. "ఇమానం తప్పు లేదు, తోలే ఆయప్ప తప్పు లేదు. నా చేత్తో నేనే దాని ముక్కు మూస్తి. ఇనబడిందా అందరికీ?" తర్వాత పైలెట్ దగ్గరికి నడిచాడు. నేను ఇంగ్లీషులో చెబుతానంటే వద్దన్నాడు. తన కుడిచెయ్యి చాపి చూపించి, మూత చూపించి, ఆ చేత్తో తన ముక్కూ నోరూ గట్టిగా మూసుకుని నిలబడ్డాడు. కళ్ళలోంచి నీళ్ళు మీసంలోకి దిగుతున్నాయి.

పైలెట్ మొహం కోపంగానే ఉంది. ఏదో బెంగాలీలో అరిచాడు, ఒక్క ముక్క, నాకు అర్థం కాలేదు, అర్థం చేసుకోవాలని కూడా అనుకోలేదు. తర్వాత ముందుకొచ్చి, పెద్దాయన చేతిని ఆయన నోటి మీద నుంచి మెల్లగా లాగేశాడు.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. అసలు గొడవ అప్పుడు మొదలైంది. మబ్బు ఇంకా దూరంగానే ఉంది, ఇంజను బాగానే ఉంది, నేను అంతా విప్పి చూసి మళ్ళీ బిగించాను. రంధ్రాలున్న చోటల్లా ఎర్ర రంగుతో సున్నా చుట్టి, అక్కడ ఎవరూ చెయ్యి పెట్టొద్దని చెప్పాను. భోజనాలయ్యాక పైలెట్ ఎగురుతానన్నాడు. మిగిలింది పెద్దాయన చేనే. వాన ముందు పడితే మందు చల్లేది లేదు, పేను పూతంతా పీల్చేస్తుంది. నేను ఆయనకు ఈ మాట చెప్పాను.

"వద్దు" అన్నాడు పెద్దాయన. "ఆ బిడ్డను వాళ్ళమ్మ కాడికి పంపేయ్."

"చేను పోతాది పెద్దాయనా. ఊళ్ళో మీరు మీసం మీద మాటిచ్చినారు."

"మీసం పోతే పోయె, మళ్ళా మొలుస్తాది. ఆయప్ప మొలుస్తాడా?"

అని, పాకలోంచి నులకమంచం తెచ్చి, బాట నట్టనడుమ వేసుకుని, దాని మీద కూర్చున్నాడు. నేను బతిమాలాను. పెద్దమ్మ వచ్చి, "లెయ్, నగుబాటు సాలు" అంది. వినలేదు. డ్రైవరు ఉర్దూలో, తెలుగులో కలిపి చెప్పాడు. వినలేదు. పొద్దున లారీ అడ్డం, ఇప్పుడు మంచం అడ్డం. లారీనైనా తోయగలిగాం.

పైలెట్ ఇదంతా చూస్తూ ఉన్నాడు. వెళ్ళి విమానం ఎక్కాడు. పంకా తిప్పమని నాకు సైగ చేశాడు. ఇంజను అందుకుంది. విమానాన్ని మెల్లగా నడిపించుకుంటూ వచ్చి, మంచానికి ఎదురుగా, కాస్త దూరంలో ఆపాడు. పంకా గాలికి పెద్దాయన తలగుడ్డ ఎగిరిపోయింది. ఆయన కదల్లేదు. నేను ఆ రొదలో ఆయన చెవి దగ్గర నోరు పెట్టి, "అంతా బాగుండాది, నన్ను నమ్ము" అని అరిచాను.

"నువ్వు సెప్తే గాదు. ఆయప్ప సెప్పాల" అని అరిచాడు ఆయన.

పైలెట్‌కు అది వినబడే అవకాశమే లేదు. అయినా అప్పుడే ఆయన చెయ్యి పైకి లేచింది. ఆర్.పి.ఎం. పలక. రెండో చేతి బొటనవేలు పైకి. పెద్దాయన చూసి తలూపాడు. పలక దిగింది, ఇంకోటి లేచింది. ఓ.పి. బొటనవేలు. తల ఊగింది. ఒంటి కాక. తలకాయ కాక. ఒక్కొక్కదానికీ ఆ మంచం మీది మనిషి తలూపడం, బాటకు రెండు పక్కలా ఊరు కూడా తలూపడం.

చివర ఎఫ్.పి. లేచింది. పైలెట్ బొటనవేలు పెదవులకు ఆనించి, తల వెనక్కి వంచి, నీళ్ళు తాగుతున్నట్టు చూపించాడు. బాగా తాగుతోంది అని. నేను పెద్దాయన భుజం పట్టుకుని లేపబోయాను.

"ఉండు. ఎంతసేపు తాగుతాదో సూడనీ."

పైలెట్ పలక దించలేదు. చెయ్యి మార్చుకున్నాడు గానీ దించలేదు. ఇంజను ఒక్క దగ్గు లేకుండా తిరుగుతూనే ఉంది. అలా ఎంతసేపో. చివరికి పెద్దాయన లేచాడు. మంచాన్ని తలకెత్తుకుని, ఎవరినీ పట్టనివ్వకుండా, తానే మోసుకుంటూ బాట దిగిపోయాడు.

ఆ ఏడు పత్తి సంగతి, మీసం సంగతి అడిగేవాళ్ళకు ఇక్కడే చెప్పేస్తాను. రెండూ నిలిచాయి. కానీ ఆ మధ్యాహ్నం మాకు అవేమీ తెలీవు. విమానం లేచి, ఒక మలుపు తిరిగి, పెద్దాయన చేను మీదికి వంగింది. రెక్కల కింద నుంచి మందు పొగమంచులా పత్తి మీదికి దిగుతోంది. ఊరంతా చేను వైపు పరుగెత్తింది. పెద్దాయన మాత్రం మంచం పక్కన నిలబడి, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని పైకే చూస్తున్నాడు.

"నీ చేను సూడు పెద్దాయనా, మందు పడ్తాంది!" అన్నాను.

"పడనీలే" అన్నాడు, చూపు తిప్పకుండా. "ఆయప్ప చెయ్యి కిందనే ఉండాది గదా, పలక ఎత్తలే గదా?"